బోరు నీళ్లకి డిష్‌వాషర్ పౌడరా, టాబ్లెట్టా? గిన్నెల మీద తెల్లపొర పోవట్లేదు

కొండాపూర్_ఫ్లాట్:

కొత్త డిటర్జెంట్ కొనేముందు ఇక్కడ ఒకసారి అడుగుదామని. మెషీన్ 13 ప్లేస్ సెట్టింగులది, బిగించి నాలుగు నెలలు. అపార్ట్‌మెంట్ సంపులోకి బోరు నీళ్లు, మంజీరా నది కుళాయి నీళ్లు రెండూ వస్తాయి, ఎండాకాలం ట్యాంకర్ కూడా. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటర్ పెడితే ఒకరోజు 700, ఇంకోరోజు 1100.

ఇప్పుడు వాడేది: ఆల్ ఇన్ వన్ టాబ్లెట్ ఒకటి, గిన్నెలు మచ్చ లేకుండా ఆరడానికి పోసే రిన్స్ ఎయిడ్ (కంపెనీ సెట్టింగ్ ఎంతుందో అంతే). డిష్‌వాషర్ సాల్ట్ (మెషీన్ అడుగు గదిలో పోసే ఉప్పు) బిగించినరోజు పోశారు. సాల్ట్ అయిపోయిందని చెప్పే లైటు వెలగలేదు కాబట్టి మళ్లీ పోయలేదు. ప్రోగ్రామ్ ఎక్కువగా ఎకో, తొందరగా కావాలంటే క్విక్.

సమస్యలు ఇవి. గాజు గ్లాసులు మసకబారాయి. స్టీలు కంచాల మీద తెల్ల చుక్కలు. అన్నం వండిన గిన్నె లోపల వేలితో రాస్తే గరుకుగా తగులుతోంది. ప్లాస్టిక్ డబ్బాలు తడిగానే ఉంటున్నాయి, పైగా పసుపు రంగు. రెండుసార్లు టాబ్లెట్ సగం కరిగి డిటర్జెంట్ పెట్టె మూతలోనే ఉండిపోయింది.

ఒకరు పౌడర్‌కి మారమంటున్నారు, ఒకరు ఇంకా ఖరీదైన టాబ్లెట్ తీసుకోమంటున్నారు. రిన్స్ ఎయిడ్ బదులు వెనిగర్ పోస్తే సరిపోతుందని ఇంకొకరు. ఏది కొనాలి?

నీటిలెక్క:

ముందు ఏదీ కొనకండి. మీరు చెప్పినవన్నీ ఒకే జబ్బు కాదు, కాబట్టి ఒకే మందుతో పోవు. రెండు పరీక్షలు చేయండి, రెండూ ఇంట్లో ఉన్న సరుకుతోనే.

మొదటిది నిమ్మకాయ. మసకబారిన గ్లాసు బాగా ఆరాక సగం మీద నిమ్మచెక్క రుద్ది రెండు నిమిషాలు ఆగి కడగండి. ఆ సగం తళతళలాడితే అది సున్నం. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం అలా పేరుకుంటాయి. నిమ్మరసానికి కదలకపోతే గాజే అరిగిపోయిందని అర్థం, దాన్ని ఏ డిటర్జెంటూ వెనక్కి తేలేదు. నిమ్మకాయ అక్కర్లేకుండా ఉత్త తడిబట్టతోనే పోయిందనుకోండి, అది డిటర్జెంట్ మిగులో, సోడియం లవణాలో. ఆ పొర నాలుక్కి ఉప్పగా తగిలితే సాల్ట్ మూత సరిగ్గా బిగియలేదు.

రెండోది గాయాలకి రాసే బెటాడిన్ ద్రావణం. ఒక చుక్కకి ఐదారు చుక్కల నీళ్లు కలిపి, గరుకుగా ఉందన్న అన్నం గిన్నె అడుగున వేయండి. గోధుమరంగు అలాగే ఉంటే పిండిపదార్థం లేదు. నీలం నలుపుకి తిరిగితే అది గంజి పొర. గంజి పొరకి నిమ్మకాయా పనిచేయదు, సాల్టూ పనిచేయదు. అది డిటర్జెంట్‌లో ఉండాల్సిన అమైలేజ్ ఎంజైమ్ చేయాల్సిన పని. గంజీ సున్నమూ కలిసి ఒకదాని మీద ఒకటి పేరుకోవడం మన ఇళ్లలో మామూలే, కాబట్టి రెండు పరీక్షలూ చేయండి.

ఇక నీళ్ల సంగతి. టీడీఎస్ మీటర్ మీకు కావాల్సిన అంకె చెప్పదు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కరెంటు ప్రవాహాన్ని బట్టి కొలుస్తుంది. గిన్నెకి పొర పట్టించేది అందులో కాఠిన్యం అనే భాగం మాత్రమే. తాగేనీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500లో కూడా ఈ రెండూ వేరుగానే ఉంటాయి: టీడీఎస్‌కి 500, కాఠిన్యానికి లీటరుకి 200 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేకపోతే 2000, 600 వరకు ఒప్పుకుంటారు.

కాఠిన్యం కొలవడానికి చేపల అక్వేరియం సామాన్లు అమ్మే షాపుల్లో జీహెచ్ డ్రాప్ కిట్ దొరుకుతుంది. 5 మి.లీ. నీళ్లలో ఒక్కో చుక్క వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టాలి. చాలా కిట్లలో ఒక చుక్క అంటే ఒక జర్మన్ డిగ్రీ, అంటే లీటరుకి 17.8 మిల్లీగ్రాములు. బోరు నీళ్లకి చుక్కలు చాలా పడతాయి కాబట్టి సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి కొలిచి, వచ్చినదాన్ని రెట్టింపు చేసుకోండి. కాగితం పట్టీలు కొనొద్దు, చాలావాటిలో 425 దగ్గరే ఆఖరి రంగు అయిపోతుంది, మీ నీళ్లు అక్కడ ఆగకపోవచ్చు. నీళ్లు పట్టేది మెషీన్‌కి వెళ్లే కుళాయి దగ్గర, ఆర్వో దగ్గర కాదు.

సర్వీస్_బెంచ్:

పైన చెప్పిన పరీక్షలు చేసేలోపు ఒకటి చూడండి. నాలుగు నెలల్లో సాల్ట్ లైటు ఒక్కసారీ వెలగలేదన్నారు, అక్కడే అనుమానం. బోరు నీళ్లకి అలా జరగదు. చాలా మెషీన్లలో సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యం తగ్గించే భాగం) సెట్టింగ్ 0లో ఉంటే సాల్ట్ లైటు అసలు వెలగదు. సాల్ట్ నిండుగా ఉన్నా మెషీన్ దాన్ని ముట్టుకోదు. మాన్యువల్‌లో 'నీటి కాఠిన్యం సెట్ చేయడం' అన్న పేజీ తీసి ఇప్పుడు ఎంతలో ఉందో చూడండి. టాబ్లెట్ వాడతారని చెప్పగానే కొందరు బిగించేటప్పుడే 0లో పెట్టి వెళ్తారు.

లోపల జరిగేది ఇది. మెషీన్ అడుగున చిన్నచిన్న రెసిన్ పూసలున్న గది ఉంటుంది. నీళ్లు అందులోంచి వెళ్తుంటే పూసలు కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. కొంతసేపటికి పూసలు నిండిపోతాయి. అప్పుడు సాల్ట్ గదిలోని ఉప్పునీళ్లు వాటిని కడిగి మళ్లీ ఖాళీ చేయాలి. ఎన్ని లీటర్లకి ఒకసారి అలా కడగాలో మెషీన్‌కి తెలిసేది మీరు పెట్టిన సెట్టింగ్ వల్లే. అంటే సాల్ట్ గిన్నెల్ని కడగదు, పూసల్ని కడుగుతుంది. టాబ్లెట్ ప్యాకెట్ మీద 'సాల్ట్ ఉంది' అని రాసినా ఆ ఉప్పు ఈ గదిలోకి వెళ్లే దారే లేదు. టాబ్లెట్‌లో ఉండేది కాల్షియాన్ని పట్టి ఉంచే వేరే పదార్థం, దాని శక్తికి ఒక హద్దుంది. సుమారు 21 జర్మన్ డిగ్రీలు దాటితే, అంటే లీటరుకి 370 మిల్లీగ్రాముల పైన, టాబ్లెట్ వాడినా సాల్ట్ తప్పనిసరని తయారీదారులే మాన్యువళ్లలో రాస్తారు.

0 నుంచి 7 దాకా సెట్టింగులుండే మెషీన్లలో సాధారణంగా లెక్క ఇలా: 13 నుంచి 16 డిగ్రీలకి 4, 17 నుంచి 21కి 5, 22 నుంచి 30కి 6, 31 నుంచి 50కి 7. మీ కంపెనీది వేరుగా ఉంటే మాన్యువల్ పట్టికే ఖాయం.

సాల్ట్ పోసేటప్పుడు:

మొట్టమొదటిసారి మాత్రమే గదిలో సుమారు లీటరు నీళ్లు పోయాలి, తర్వాతెప్పుడూ అక్కర్లేదు. గరాటు పెట్టి సాల్ట్ పోస్తుంటే నీళ్లు పొంగి బయటికి వస్తాయి, భయపడొద్దు. కిలో కొంచెం అటూఇటూగా పడుతుంది. మూత మరల్లో ఇరుక్కున్న రవ్వలు తుడిచి గట్టిగా బిగించాలి. ఆ వెంటనే ఒక వాష్ నడపాలి. "రాత్రికి వేస్తాంలే" అని వదిలేస్తే పొంగిన ఉప్పునీళ్లు టబ్ స్టీలుని తినేస్తాయి. అందుకే సాల్ట్ పోసే వేళ వాష్ వేసే ముందే.

ఇంట్లో వాడే మెత్తటి ఉప్పు వద్దు. గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు అందులో ఉంటాయి, గదిలో ముద్దగా కూర్చుంటుంది. కల్లుప్పు చవకే గానీ మెగ్నీషియం, మట్టి దానితోపాటే వస్తాయి. మెగ్నీషియం తీయడానికే కదా ఈ గది ఉన్నది. డిష్‌వాషర్ సాల్ట్ అంటే శుద్ధమైన సోడియం క్లోరైడ్ పెద్ద రవ్వగా, అంతే. కాబట్టి అందులో ఖరీదైన బ్రాండ్ వెతకాల్సిన పనిలేదు. పొరపాటున ఈ గదిలో డిటర్జెంట్ పోస్తే మాత్రం సాఫ్ట్‌నర్ పోయినట్టే.

అంట్లశాస్త్రం:

సాల్ట్ సంగతి తేలాకే డిటర్జెంట్ మాట. మీ నీళ్లు లీటరుకి 500 మిల్లీగ్రాముల కాఠిన్యం అనుకుంటే, ఒక వాష్‌కి పది లీటర్లు, అంటే 5 గ్రాములు. ఒక టీస్పూను సున్నం రోజూ మెషీన్‌లోకి పోస్తున్నట్టు. సాఫ్ట్‌నర్ పనిచేయకపోతే డిటర్జెంట్ శక్తిలో పెద్దభాగం దానితో కుస్తీకే సరిపోతుంది, జిడ్డు దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలదు. పైగా నూనె జిడ్డు కాల్షియంతో కలిస్తే బూడిదరంగు జిగట ముద్ద అవుతుంది. ఫిల్టర్ తీసి చూస్తే జాలీకి అంటుకుని కనిపించేది అదే.

నా మాట: బోరు నీళ్లుంటే పౌడర్, సాల్ట్, రిన్స్ ఎయిడ్ మూడూ విడివిడిగా. కారణం మోతాదు. టాబ్లెట్ దాదాపు 18 నుంచి 20 గ్రాములు, అంతే. మామూలు కంచాలు గ్లాసులకి 15 గ్రాముల పౌడర్ చాలు. బిర్యానీ గిన్నె, వేపుడు మూకుడు ఉన్నరోజు 25 గ్రాములు కావాలి. మూత లోపలే 15, 25 గీతలుంటాయి, చూసుకుని వేయొచ్చు. ఇంకా ముఖ్యమైంది, మెషీన్ మొదట ప్రీవాష్ చేసి ఆ మురికినీళ్లు పారబోస్తుంది. మూత తెరుచుకునేది దాని తర్వాతే. జిడ్డు ఎక్కువున్నరోజు ఒక టీస్పూను పౌడర్ తలుపు లోపలివైపు చల్లితే ఆ ప్రీవాష్ నీళ్లు వట్టినే పోవు, నూనెలో సగం అక్కడే దిగిపోతుంది. టాబ్లెట్‌తో ఈ వీలు లేదు. టాబ్లెట్‌ని స్పూన్ల బుట్టలో పడేసే అలవాటు కొందరికి ఉంది, అది ప్రీవాష్‌లోనే కరిగి కాలువలోకి పోతుంది. అసలు వాష్‌కి మిగిలేది ఉత్త వేడినీళ్లే.

టాబ్లెట్ సగం మిగిలిపోవడానికి టాబ్లెట్ తప్పు కాకపోవచ్చు. మూడు చూడండి. కింది అరలో పెద్ద కంచమో మూకుడు పిడో మూతకి అడ్డంగా ఉందా. మూత తడిగా ఉన్నప్పుడు టాబ్లెట్ పెట్టారా, పెడితే అది అక్కడే అతుక్కుంటుంది. క్విక్ ప్రోగ్రామ్ వేశారా. అరగంట ప్రోగ్రామ్‌లో గట్టి టాబ్లెట్ పూర్తిగా కరిగేంత సమయం ఉండదు. క్విక్ వేయాలంటే పౌడరే, అదీ తక్కువ మురికికే.

పసుపు గురించి కూడా. పసుపులోని రంగు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. తలుపు తీయగానే డబ్బాలు నారింజ రంగులో కనిపిస్తే కంగారుపడొద్దు, ఆరాక మళ్లీ పసుపుకి తిరుగుతుంది. ఆ రంగు నూనెలో కరిగి ప్లాస్టిక్ లోపలికి దిగుతుంది, డిటర్జెంట్ పైపైనే తీయగలదు. మిగతాది ఎండ చూసుకుంటుంది. కడిగిన డబ్బాలు రెండు మధ్యాహ్నాలు డాబా మీద బోర్లించకుండా వెల్లకిలా పెట్టండి, పోతుంది. దీనికోసం ఖరీదైన టాబ్లెట్ కొనడం దండగ.

లేబుల్_చదవండి:

అంట్లశాస్త్రం గారూ, మోతాదు విషయం ఒప్పుకుంటా గానీ 'పౌడర్ అయితే చాలు' అన్నట్టు వినిపిస్తోంది, అక్కడే చాలామంది మోసపోతారు. పౌడర్‌కీ పౌడర్‌కీ చాలా తేడా. చవక పౌడర్లు కొన్ని ఉత్త వాషింగ్ సోడా, దాంతోపాటు బరువు కోసం సోడియం సల్ఫేట్. వాటితో గంజి పొర వందేళ్లయినా పోదు.

ప్యాకెట్ వెనక ఇవి ఉన్నాయో లేదో చూడండి. ఎంజైములు రెండు: గంజికి అమైలేజ్, పాలు, పెరుగు, గుడ్డు, పప్పు లాంటివాటికి ప్రోటియేజ్ (సబ్టిలిసిన్ అని రాసినా అదే). మరకలకి సోడియం పర్‌కార్బనేట్ అనే బ్లీచ్. దాంతోపాటు దాన్ని చురుకుచేసే టీఏఈడీ ఉంటే ఆ బ్లీచ్ తక్కువ వేడిలోనే, 50 డిగ్రీల దగ్గరే, పనిచేస్తుంది. టీ కప్పుల మరక పోయేది వీటివల్లే. కాల్షియాన్ని పట్టి ఉంచడానికి సిట్రేట్, ఎంజీడీఏ, పాలీకార్బాక్సిలేట్ లాంటివి. పాతరోజుల్లో ఈ పని ఫాస్ఫేట్ చేసేది, బ్రహ్మాండంగా చేసేది. చెరువుల్లో నాచు పెరగడానికి కారణమవుతోందని అమెరికాలో చాలా రాష్ట్రాలు 2010లో, యూరోపియన్ యూనియన్ 2017 జనవరి 1 నుంచి ఇళ్లలో వాడే డిష్‌వాషర్ డిటర్జెంట్‌లో దాన్ని దాదాపుగా తీసేయించాయి. అందుకే ఇప్పటి డిటర్జెంట్లకి కఠినమైన నీళ్లంటే పాతవాటికన్నా ఎక్కువ ఇబ్బంది.

ఎంజైములున్న పౌడర్‌కి సమయం ఇవ్వాలి. అవి మాయమంత్రంలా పనిచేయవు, గంజిని ముక్కలు ముక్కలుగా తెంచుతాయి, 50 డిగ్రీల ప్రాంతంలో హాయిగా. ఎకో ప్రోగ్రామ్ మూడు గంటలు పట్టేది ఊరికే కాదు. 70 డిగ్రీల ఇంటెన్సివ్ నూనె జిడ్డుకి మంచిదే. గంజికి మాత్రం ఎకోనే నయం.

నిల్వ కూడా చూసుకోవాలి. వానాకాలం డబ్బా మూత తెరిచి ఉంచితే పౌడర్ గడ్డకడుతుంది. అది చూడ్డానికి బాగోకపోవడం ఒక్కటే కాదు, చెమ్మ తగిలిన పర్‌కార్బనేట్ తన ఆక్సిజన్ అప్పుడే వదిలేసుకుంటుంది. గాలి చొరని డబ్బా, పొడి చెంచా. ఏడాదికి సరిపడా సంచి ఒకేసారి కొనకండి.

టాబ్లెట్లకి ఒక మాట: మంచి టాబ్లెట్లలో ఎంజైములు, బ్లీచ్ ఒకదాన్నొకటి పాడుచేయకుండా వేర్వేరు పొరల్లో పెడతారు. సాల్ట్ సరిగ్గా ఉండి, ఎకోలోనే నడిపేవారు టాబ్లెట్ వాడినా ఏ తప్పూ లేదు.

తడిబట్ట:

వెనిగర్ అడిగారు కదా. రిన్స్ ఎయిడ్ గదిలో పోయొద్దు. రిన్స్ ఎయిడ్ పని సున్నం కరిగించడం కాదు. అందులో కొంచెం సిట్రిక్ యాసిడ్ ఉంటుంది నిజమే, అసలు సరుకు మాత్రం నీటిబొట్టుని బొట్టుగా నిలవనీయకుండా పలచటి పొరగా జారిపోయేలా చేసే సర్ఫాక్టెంట్. వెనిగర్‌లో అది లేదు. ఉన్న యాసిడ్ రోజూ రబ్బరు వాషర్లని తాకుతుంటే అవి గట్టిపడి లీకవుతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం పెడుతుంది గానీ టీడీఎస్ తగ్గించదు. మీ 1100 అలాగే ఉంటుంది. కాబట్టి సాల్ట్ సరిచేశాక కూడా బొట్టు ఆరినచోట మచ్చ పడొచ్చు. తేడా ఏమిటంటే ఇది తడిబట్టతో పోయే మచ్చ, సున్నంలా పట్టుకోదు. దీనికి మందు రిన్స్ ఎయిడ్ ఒక్కటే. నీళ్లు బొట్టుగా నిలవకపోతే మచ్చ పడేచోటే ఉండదు.

ఎంత పెట్టాలి? గ్లాసు మీద చుక్కచుక్కలుగా ఉంటే ఒక మెట్టు పెంచండి. నీలపు ఛాయ, జారుడు చారలు, లేదా వాష్‌లో నురగ కనిపిస్తే ఒక మెట్టు తగ్గించండి. ఒక మెట్టు మార్చి నాలుగైదు వాష్‌లు చూశాకే ఇంకో మెట్టు. పోసేటప్పుడు చుట్టూ ఒలికితే బట్టతో తుడిచేయండి, లేకపోతే ఆ వాష్ అంతా నురగే.

ప్లాస్టిక్ డబ్బాలకి మాత్రం రిన్స్ ఎయిడ్ కూడా పూర్తిగా సాయం చేయలేదు. స్టీలు, పింగాణీ వేడిని దాచుకుని తమ తడిని తామే ఆర్చుకుంటాయి. ప్లాస్టిక్‌లో ఆ వేడి నిలవదు. పై అరలో ఏటవాలుగా పెట్టండి. ప్రోగ్రామ్ అయ్యాక ఓ పావుగంట ఆగి తలుపు బెత్తెడు తెరిచి వదిలేయండి. ముందు కింది అర ఖాళీ చేయండి, లేకపోతే డబ్బాల మీద నిలిచిన నీళ్లన్నీ కంచాల మీద ఒలుకుతాయి.

సర్వీస్_బెంచ్:

డిటర్జెంట్ మీద నింద వేసేముందు ఇంకొకటి. ఫిల్టర్ వారానికి ఒకసారైనా తీసి పాత టూత్‌బ్రష్‌తో కడగాలి, తిప్పి 'టక్' మనేదాకా బిగించాలి. సగం బిగిస్తే పోపులోని ఆవాలు సందులోంచి దూరి నీళ్లు చిమ్మే స్ప్రే ఆర్మ్ రంధ్రాల్లో కూర్చుంటాయి. ఆవగింజ సైజూ ఆ రంధ్రం సైజూ దాదాపు ఒకటే, ఎవరో కొలిచి చేసినట్టు. ఆర్మ్ తీసి ఊపితే గలగలమంటే అదే. పిన్నుతో లోపలికి నెట్టకుండా కుళాయి కింద తిరగేసి కడగండి. చింతపండు పీచు, కరివేపాకు కూడా ఇంతే. ఎంగిలి, మెతుకులు చెత్తబుట్టలోకి దులిపితే చాలు, ముందే కుళాయి కింద కడిగి పెట్టక్కర్లేదు.

గిన్నెలు తోమే మామూలు లిక్విడ్ ఒక్క చెంచా కూడా వేయొద్దు. నురగ లేచి అడుగు ట్రేలోకి కారితే లీకేజీ సెన్సార్ మెషీన్‌ని ఆపేస్తుంది. అల్యూమినియం కుక్కర్, ఇడ్లీ ప్లేట్లు ఏ డిటర్జెంట్ వేసినా నల్లబడతాయి, క్షారం అల్యూమినియాన్ని తింటుంది. ఇత్తడి, రాగి, ఇనప పెనం, చెక్క గరిటెలు కూడా బయటే. ఇడ్లీ ప్లేట్లు స్టీలువి అయితే వేయొచ్చు, కానీ రేకుల్ని విడదీసి.

ఫ్రిస్కో_వంటిల్లు:

అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్లకి ఒక మాట, పైన చెప్పినవన్నీ ఇక్కడ అలాగే కుదరవు. ఇక్కడి మెషీన్లలో చాలావాటికి సాల్ట్ గదే ఉండదు. లేని మెషీన్‌లో సాల్ట్ పోయకండి. ఇంటికంతటికీ సాఫ్ట్‌నర్ లేకపోతే టాబ్లెట్‌కి తోడు ప్రీవాష్ చోట కొంచెం పౌడర్, రిన్స్ ఎయిడ్ పై సెట్టింగ్, నెలకోసారి సిట్రిక్ యాసిడ్, ఇంతే దారి. ఇంకో తేడా, ఇండియా మెషీన్ చన్నీళ్లు తీసుకుని తానే కాచుకుంటుంది. ఇక్కడిది ఇంటి వేడినీళ్ల గొట్టానికే కలిపి ఉంటుంది. స్టార్ట్ నొక్కేముందు సింకు కుళాయి వేడినీళ్లు వచ్చేదాకా వదలండి, లేకపోతే ప్రీవాష్ మొత్తం గొట్టంలో నిలిచిన చన్నీళ్లతోనే అయిపోతుంది.

కొండాపూర్_ఫ్లాట్:

పరీక్షలు చేశాను. సెట్టింగ్ నిజంగానే 0లో ఉంది! గాజు గ్లాసులు ఎనిమిదింటిలో ఆరు నిమ్మకాయకి మెరిశాయి, రెండు పలచటివి మెరవలేదు. అన్నం గిన్నె బెటాడిన్‌కి నీలం నలుపు అయింది. స్టీలు కంచాల మీద చుక్కలు కొన్ని తడిబట్టతోనే పోయాయి, కొన్ని పోలేదు. డ్రాప్ కిట్‌తో సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి కొలిస్తే 14 చుక్కలు.

ఇప్పుడు సెట్టింగ్ ఎంత? మంజీరా నీళ్లు ఎక్కువ వచ్చే నెలల్లో మళ్లీ మార్చాలా? పాత పొర దానంతటదే పోతుందా?

నీటిలెక్క:

14 రెట్టింపు 28 డిగ్రీలు, లీటరుకి దాదాపు 500 మిల్లీగ్రాములు. పైన ఇచ్చిన పట్టిక ప్రకారం 6. సాల్ట్ నాలుగు నెలలుగా కదల్లేదు కాబట్టి గది నిండుగానే ఉండాలి. అయినా మూత తీసి చూసి, తక్కువైతే నింపి వెంటనే వాష్ వేయండి. రెసిన్ పూసలు ఇన్నాళ్లూ నిండిపోయే ఉన్నాయి, మొదటి ఒకటి రెండు వాష్‌లకే తేడా కనిపించకపోతే నిరాశపడొద్దు.

పాత పొర దానంతటది పోదు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు తీసుకోండి, సిట్రిక్ యాసిడ్ అంటే అదే. మెషీన్‌కి: ఫిల్టర్ కడిగి, లోపల ఏ గిన్నే లేకుండా, డిటర్జెంట్ వేయకుండా, 100 గ్రాములు టబ్ అడుగున చల్లి 50 డిగ్రీల ప్రోగ్రామ్ నడపండి. 70 వద్దు, మరీ వేడిలో కాల్షియం సిట్రేట్‌గా గడ్డకట్టి ఇంకో తెల్లపొర అవుతుంది. క్లోరిన్ బ్లీచ్ ఉన్న ఏ క్లీనరూ దీంతో కలపకండి, విషవాయువు వస్తుంది. గ్లాసులకి, కంచాలకి: లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు, పావుగంట నానబెట్టి కడగడం. ఈ పని స్టీలు సింకులో చేయండి. గట్టు కడప బండో తాండూరు బండో అయితే ఒక్క బొట్టు కూడా ఒలకనివ్వొద్దు, అవి సున్నపురాళ్లే, మెరుపు పోయి మచ్చ పడుతుంది.

మెరవని రెండు గ్లాసులు అరిగిపోయాయి. వాటిని పక్కన పెట్టేయండి.

అంట్లశాస్త్రం:

మీరిప్పుడు కొనాల్సింది ఇంతే: అమైలేజ్ పేరు లేబుల్ మీద ఉన్న పౌడర్ ఒక చిన్న ప్యాకెట్. 'లేబుల్_చదవండి' గారు చెప్పింది మీ అన్నం గిన్నె విషయంలో పూర్తిగా నిజం, అక్కడ నేను మోతాదు మీదే మాట్లాడాను. అన్నం గిన్నెని వేసేముందు చన్నీళ్లు పోసి ఉంచండి, ఎండిపోయిన గంజిని తీయడం ఏ ఎంజైముకైనా రెట్టింపు పని. మిగిలిన టాబ్లెట్లు పారేయకండి, సాల్ట్ సరిగ్గా పనిచేయడం మొదలయ్యాక ఎకోలో వాడేయొచ్చు. మొదటి వారం 20 గ్రాముల పౌడర్, ఎకో, రిన్స్ ఎయిడ్ ఇప్పుడున్న మెట్టులోనే. ఒకేసారి అన్నీ మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

నీటిలెక్క:

మంజీరా ప్రశ్న మర్చిపోయాను. సెట్టింగ్ తక్కువైతే పొర వస్తుంది, ఎక్కువైతే సాల్ట్ అనవసరంగా ఖర్చవుతుంది. మీ సంపులో ఏరోజు ఏ నీళ్లుంటాయో మీ చేతిలో లేదు, కాబట్టి 6లోనే ఉంచండి. మరీ మెత్తటి నీళ్లలో ఎక్కువ డిటర్జెంట్ వేస్తే గాజు అరుగుతుంది, ఆ రెండు గ్లాసుల్లాంటి పలచటివి మాత్రం చేత్తో కడుక్కోండి. వేసవిలో ట్యాంకర్లు మొదలయ్యాక ఇంకోసారి చుక్కలు లెక్కపెట్టండి. కలిపి కొలిచినప్పుడు 16 చుక్కలు వస్తే 7కి మార్చాలి.